సుశీల గుమ్మంలో బూట్లు

తలుపు చప్పుడైంది. నేను చీర కొంగు గుండెలకి అదుముకుని, "అమ్మో! ఎవరో వచ్చారు! నా పెనిమిటి ఇంట లేడే! ప్రభువా, ఈ అబలకు దిక్కెవరు?" అని కెవ్వున కేక పెట్టాను.

వెనకాల ఎవరో పకపకా నవ్వారు.

ఎవరైనా ప్యాంటు మీద చీర కట్టుకుని, దిక్కు లేదని ఏడుస్తున్నప్పుడు వెనక నుంచి నవ్వితే ఎలా ఉంటుందో అనుభవిస్తేగాని తెలియదు. నేను గిర్రున తిరిగాను. కాలికి కుచ్చిళ్ళు అడ్డం పడి, ప్లైవుడ్ తలుపు పట్టుకుని నిలదొక్కుకున్నాను. తలుపు ఊగింది. ఆ నవ్వు ఇంకాస్త పెద్దదైంది.

అది రెండువేల ఏడో సంవత్సరం. కువైట్‌లో, ఫర్వానియాలో ఒక విల్లా బేస్‌మెంటు అద్దెకి తీసుకుని మా తెలుగు సహవాసం ప్రతి శుక్రవారం ఆరాధన జరుపుకునేది. ఏడాదికోసారి నాటకం వేసేవాళ్ళం. రాసేది, నడిపేది, తెర లాగేది అన్నీ మా పెద్దాయన పరంజ్యోతి గారే. ఇళ్ళల్లో పనిచేసే అక్కలని శుక్రవారం ఆరాధనకి వదిలితేనే గొప్ప. రిహార్సల్సుకి ఏ మామా, అదే ఇంటి యజమానురాలు, వదులుతుంది? నర్సులకేమో డ్యూటీలు. అందుకని మా నాటకాల్లో ఆడవేషాలు మగవాళ్ళే కట్టేవారు. సన్నగా ఉంటానని, గొంతు పీలగా ఉంటుందని ఆ భాగ్యం ఎప్పుడూ నాకే దక్కేది.

నా పేరు టిమోతి. మాది పాలకొల్లు దగ్గర పల్లె. ముబారక్ అల్ కబీర్‌లో ఒక కువైటీ ఇంట్లో డ్రైవర్ని. సహవాసంలో మాత్రం చిన్నాపెద్దా నన్ను 'సుశీలక్కా' అనే పిలిచేవారు.

"ఎందుకండీ నవ్వుతున్నారు?" అన్నాను రోషంగా.

నవ్వినావిడ కుట్టుమిషను పక్కన కూర్చుని ఉంది. చేతిలో నా కోసం ఎవరో ఇచ్చిన పాత జాకెట్టు. కొత్త నర్సని, రిగ్గైలో ఉంటుందని, మా కరుణమ్మ పిన్ని ఫ్లాటులో ఉంటుందని మాత్రం విన్నాను. పిన్ని సెలవుకి ఇండియా వెళుతూ కుట్టుపని ఈవిడకి అప్పజెప్పింది. పేరు మెర్సీ.

"సారీ అండి," అంది నవ్వు ఆపుకుంటూ. "మీరలా అరుస్తుంటే మా మావయ్య పన్ను పీకించుకున్నప్పుడు పెట్టిన కేక గుర్తొచ్చింది."

జాన్ పాల్ కిసుక్కున నవ్వాడు. నాటకంలో విలన్ వాడే. తలుపు కొట్టింది వాడే.

"అయితే ఆడోళ్ళు ఎలా భయపడతారో మీరే చెప్పండి మరి. నేర్చుకుంటాను."

నేను ఎగతాళిగానే అన్నాను. కానీ ఆవిడ మొహంలో నవ్వు చటుక్కున ఆరిపోయింది. చేతిలో జాకెట్టు మిషను మీద పెట్టింది.

"అరవరండి," అంది. "అరిస్తే లోపల ఒక్కత్తే ఉందని బయటోడికి తెలిసిపోదా? ముందు ఊపిరి బిగబట్టేస్తారు. నడిస్తే చప్పుడవుద్దని ఎక్కడున్నోళ్ళు అక్కడే నిలబడిపోతారు. మళ్ళీ కొడితే టీవీ సౌండు పెంచుతారు. అప్పటికీ పోకపోతే లేని మనిషిని పిలుస్తారు. 'ఏవండీ, ఎవరో వచ్చారు, చూస్తారా?' అని. గొంతు మాత్రం వణక్కూడదండి. అదే కష్టం."

 జాన్ పాల్ ప్లైవుడ్ తలుపు మీద నుంచి నెమ్మదిగా చెయ్యి తీసేశాడు.

"బ్రహ్మాండం తల్లీ!" అన్నారు పరంజ్యోతి గారు. "ఒరేయ్ టిమోతీ, అలాగే చెయ్యి. అయితే అమ్మా, మన కథలో సుశీలకి అంత భయం అక్కర్లేదు. ఎందుకో తెలుసా? ప్రతీక!"

ఆయనకి ఆ మాటంటే ప్రాణం. నాటకం పేరు 'పెనిమిటి పాదరక్షలు'. గల్ఫ్ వెళ్ళిన మొగుడి బూట్లని సుశీల రోజూ తుడిచి గుమ్మంలో పెట్టుకుంటుంది. దుర్మార్గుడు వస్తాడు, తలుపు కొడతాడు, బూట్లు చూసి పారిపోతాడు. చివర్లో మొగుడు తిరిగొస్తే సుశీల ఆ బూట్ల మీద నుదురు ఆనించి ఏడుస్తుంది. తెర.

"బూట్లంటే వట్టి తోలు కాదమ్మా. మగాడి నీడ. ఆడదాని రక్ష. అదీ ప్రతీక."

మెర్సీ ఆయన్ని అదోలా చూసింది. "బూట్లు కాపలా కాస్తాయని మీకెవరు చెప్పారు సార్?"

"ఎవరు చెప్పాలమ్మా? మా ఊళ్ళో అందరికీ తెలుసు."

ఆవిడ టేపు తీసుకుని నా దగ్గరికొచ్చి, "చేతులెత్తండి, కొలత తియ్యాలి," అంది.

నాకు చాలా భయాలున్నాయి. పోలీసు చెకింగులో ఇఖామా, అదే నివాస కార్డు, ఇంట్లో మర్చిపోయానేమోనని భయం. మామా ఫోను మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. కానీ ఆ టేపు నా ఛాతీ చుట్టూ తిరుగుతుంటే పట్టుకున్న భయం వేరే రకం. నా గుండె చప్పుడు ఆవిడ వేళ్ళకి తగుల్తుందేమోనని చచ్చేంత భయమేసింది.

"ఊపిరి వదలండి సుశీల గారూ," అంది మెర్సీ. "బిగబట్టేది తలుపు కొట్టినప్పుడు."

*

ఆ తర్వాత రెండు శుక్రవారాలు ఆవిడే నాకు భయం నేర్పింది. పాదం నేలకి ఆనీ ఆనకుండా ఎలా నిలబడాలో, 'ఏవండీ' అని ఎంత మామూలుగా పిలవాలో, పిలిచాక జవాబు వచ్చినట్టు ఎలా తలూపాలో చెప్పేది. "మరీ ప్రేమగా పిలవకండి. కూరలు తెమ్మన్నట్టు పిలవాలి," అనేది. నేను ఆ ఒక్క మాట డ్రైవింగులో కూడా ప్రాక్టీసు చేసేవాణ్ణి. మామా ఒకసారి వెనక సీట్లోంచి ఎవరితో మాట్లాడుతున్నావని అడిగింది.

ఆవిడకి పెళ్ళయిందో లేదో నాకు తెలియదు. ఎవర్నైనా అడిగితే మర్నాటికల్లా సహవాసమంతా పాకిపోతుంది. పైగా ఆవిడ నర్సు, నేను డ్రైవర్ని. అందని ద్రాక్షపళ్ళు పుల్లన అనుకునేంత తెలివి కూడా నాకు లేకపోయింది.

జాకెట్టు తయారైంది, వచ్చి తీసుకెళ్ళమని ఫోను చేసింది. మామా పిల్లల్ని ట్యూషన్లో దింపి, ఆ మధ్య దొరికిన సమయంలో కారు అక్కడే వదిలి బస్సెక్కి రిగ్గై వెళ్ళాను. మధ్యాహ్నం. ఎండకి బిల్డింగంతా నిద్రపోతున్నట్టుంది. మెట్లెక్కి ఆవిడ తలుపు ముందుకొచ్చి ఆగిపోయాను.

గుమ్మంలో మగాడి బూట్లున్నాయి. నల్లవి, పెద్దవి. నా రెండు పాదాలూ ఒక్కదాంట్లో పట్టేలా ఉన్నాయి.

నా చెయ్యి బెల్లు దగ్గరే ఉండిపోయింది. ఇంతలో పైనుంచి ఎవరో మెట్లు దిగుతున్న చప్పుడు. ఒక మనిషి నన్ను ఎగాదిగా చూసుకుంటూ దిగి, మలుపు దగ్గర సిగరెట్టు వెలిగించుకోడానికి ఆగాడు. నేను బెల్లు కొట్టాను. చాలాసేపటికి గొలుసు తియ్యకుండానే తలుపు కాస్త తెరుచుకుంది.

"టిమోతి గారా," అంది మెర్సీ. కళ్ళు మాత్రం నా భుజం మీదుగా మెట్ల వైపు చూస్తున్నాయి. సందులోంచి కవరు అందించింది. తర్వాత అవసరమైన దానికన్నా గట్టిగా హిందీలో, "సాబ్ పడుకున్నారు. లేచాక చెప్తాను," అంది.

తలుపు మూసుకుంది.

సాబ్. పడుకున్నారు. నేను మెట్లు ఎలా దిగానో నాకు గుర్తులేదు. బస్సులో ఆ జాకెట్టు కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎందుకు ఏడుపొస్తోందో తెలిసి కూడా ఎండ కళ్ళలో పడుతోందని నాకు నేనే చెప్పుకున్నాను.

*

తర్వాతి శుక్రవారం కథ ఇంకా అడ్డం తిరిగింది. జాన్ పాల్ తెచ్చిన బూట్లు పరంజ్యోతి గారికి నచ్చలేదు. "ఇవి నిన్న కొన్నవిరా. ప్రతీకకి పాతదనం ఉండాలి, బరువుండాలి," అన్నారు.

"నా దగ్గరున్నాయి సార్," అంది మెర్సీ. "రేపు కరుణమ్మ పిన్ని వచ్చేస్తోంది కదా, నాటకం అయ్యేదాకా ఉంచుకోండి." సంచిలోంచి తీసింది.

అవే. ఆ నల్లవి.

నా పరిస్థితి ఆలోచించండి. నేను ప్రేమించిన పిల్ల ఎదురుగా, ఆ పిల్ల మొగుడి బూట్ల మీద నేను చీర కట్టుకుని నుదురు ఆనించి ఏడవాలి. యాక్టింగు అక్కర్లేకుండానే ఏడుపొచ్చింది. "అద్భుతం!" అని పరంజ్యోతి గారు చప్పట్లు కొట్టారు.

మెర్సీకి మాత్రం నచ్చలేదు. "సార్, అన్నాళ్ళూ తలుపు వెనక నిలబడి భయపడింది సుశీల. వచ్చిన మొగుడు ఒక్కమాటైనా అడగడు. ఈవిడ పోయి బూట్ల మీద పడుతుంది. ఎందుకండీ? మనిషి ఎదురుగా ఉంటే బూట్లతో ఏం పని?"

"ప్రతీక పాడైపోద్ది తల్లీ!"

"అయితే పాడవనివ్వండి."

నాకు ఎక్కడో కాలింది. "ఆయన బూట్లు జాగ్రత్తగా చూసుకుంటాం లెండి," అన్నాను పుల్లగా. "నిద్రలేచాక వెతుక్కుంటారేమో."

మెర్సీ నన్నొక క్షణం తేరిపార చూసింది.  చుట్టూ ఉన్న మగవాళ్ళని ఒకసారి చూసి, "జాగ్రత్తండి. ఆయనకవంటే ప్రాణం," అని మాత్రం అంది. తర్వాత పరంజ్యోతి గారి వైపు తిరిగి, "నాటకం అయిన మర్నాడు కాంట్రాక్టు మళ్ళీ రాయాలి సార్. నేను సంతకం పెట్టకపోవచ్చు. ఇంటికెళ్ళిపోతానేమో," అంది.

"అదేంటమ్మా! మంచి ఉద్యోగం!"

"ఉద్యోగం మంచిదే సార్," అంది.

మొగుడు తీసుకుపోతున్నాడనుకున్నాను. బూట్లు సంచిలో వేసి నాకే ఇచ్చారు, పాలిష్ చెయ్యమని. వాటిని మామా కారు డిక్కీలో పడేశాను. ఇంకో వారంలో ఆవిడ మళ్ళీ కనపడకుండా పోతుందన్న ఆలోచన మాత్రం ఏ డిక్కీలోనూ పట్టలేదు. ఆ వారమంతా నాతోనే తిరిగింది.

*

మంగళవారం మధ్యాహ్నం. మామా జమియా సూపర్‌మార్కెట్లో సరుకులు కొంటోంది. నేను బయట పార్కింగులో ఏసీ వేసుకుని కారులో కూర్చున్నాను. ఫోను మోగింది. మెర్సీ.

"హలో, చెప్పండి."

"ఏవండీ."

 ఎప్పుడూ 'టిమోతి గారూ' అనే మనిషి.

"ఎవరో బెల్లు కొడుతున్నారండీ. చూస్తారా?"

పొరపాటున బటన్ నొక్కుకుపోయి నాకు కలిసిందన్నమాట. ఇంట్లో మొగుడితో మాట్లాడుతోంది. పరాయి ఆలుమగల మాటలు వినకూడదని ఫోను పెట్టెయ్యబోయాను. అప్పుడే వెనకాల టీవీ సౌండు పెరిగింది. ఏదో అరబ్బీ సీరియల్లో ఎవరో ఏడుస్తున్నారు. సౌండు ఇంకా పెరిగింది.

నా బొటనవేలు బటన్ మీదే ఆగిపోయింది.

"ఏవండీ, మిమ్మల్నే. స్నానం అయిందా?"

గొంతు వణకలేదు. కూరలు తెమ్మన్నట్టే ఉంది. అంత మామూలుగా ఉండడం వల్లే నాకు అర్థమైంది. ఆ ఇంట్లో ఏ మొగుడూ లేడు. ఎప్పుడూ లేడు. కరుణమ్మ పిన్ని సెలవు పెంచుకుందని నిన్నే ఎవరో అన్నారు. మెర్సీ నైట్ డ్యూటీ చేసొచ్చి, అందరూ పనులకి పోయిన బిల్డింగులో పగలంతా ఒక్కత్తే ఉంటుంది. గుమ్మంలో ఉండాల్సిన బూట్లు నా డిక్కీలో ఉన్నాయి.

బెల్లు మళ్ళీ మోగింది. ఫోనులో నాకు కూడా వినపడింది. తర్వాత ఒక మగ గొంతు, హిందీలో, నవ్వుతూ అడిగింది. "ఏంటి మేడమ్, నాలుగు రోజులుగా సాబ్ బూట్లు కనపడ్డంలేదు? సాబ్ వెళ్ళిపోయాడా?"

మెట్ల మలుపులో సిగరెట్టు వెలిగించినవాడు నా కళ్ళ ముందు నిలబడ్డాడు.

ఏదో ఒకటి అనాలి. ఏమనాలి? సుశీల మాటలన్నీ నాకు కంఠతా వచ్చు. పెనిమిటికి మాత్రం పరంజ్యోతి గారు ఒక్క మాట కూడా రాయలేదు. నేను నోరు తెరిచాను. "ఎ... ఎవరూ?" అని పీలగా సుశీల గొంతే వచ్చింది. నా మీద నాకే అసహ్యమేసింది.

తలుపు మీద గుద్దిన చప్పుడు. ఫోనులో మెర్సీ ఊపిరి ఆగింది.

మా నాన్న చేపల చెరువుకి కాపలా ఉండేవాడు. అవతలి గట్టు మీద దొంగల అలికిడైతే ఇవతలి గట్టు మీద నుంచి ఒక్క కేక వేసేవాడు. ఊళ్ళో కుక్కలన్నీ లేచేవి. ఆ కేక నా ఒంట్లో ఎక్కడ దాక్కుందో ఇన్నాళ్ళూ నాకు తెలియలేదు.

"కౌన్ హై రే! అక్కడే ఉండు, వస్తున్నా!"

హిందీలో మొదలై తెలుగులోకి దిగి, బూతుల్లోకి కూడా వెళ్ళాను. పార్కింగులో ట్రాలీలు తోసేవాళ్ళు బిగుసుకుపోయి నా కారు వైపు చూశారు. అరుస్తూనే ఉన్నాను. అవతల ఆవిడ ఫోను స్పీకరులో పెట్టి తలుపు దగ్గర పట్టుకున్నట్టుంది. నా గొంతు నాకే గోడలకి తగిలి తిరిగి వినపడుతోంది.

కాసేపటికి మెట్ల మీద అడుగుల చప్పుడు పైకి పోయింది. టీవీ ఆగింది.

"వెళ్ళాడు," అంది మెర్సీ. ఇప్పుడు గొంతు వణికిపోతోంది. "పై ఫ్లోరేనండి. మళ్ళీ వస్తాడు. టిమోతి గారూ, ఆ బూట్లు తెచ్చిపెట్టండి. మీకు దణ్ణం పెడతాను. ఈరోజే తెచ్చిపెట్టండి."

"వస్తున్నానండి. తలుపు తియ్యకండి. ఇప్పుడే వచ్చేస్తున్నాను."

మాట ఇచ్చేశాను. కారు నాది కాదు. డ్యూటీ మధ్యలో పోతే ఉద్యోగం పోతుంది. తలెత్తి చూస్తే అద్దం అవతల మామా నిలబడి ఉంది. పక్కన ట్రాలీ. నా కేకలన్నీ విన్నట్టుంది.

"టిమోతీ, షినూ? ఏమైంది? ఎవరి మీద అరుస్తున్నావ్?"

ఏడ్చేశాను. నాకొచ్చిన అరబ్బీ ఏరుకుని, చేతులతో బెల్లు కొట్టి చూపించి, తలుపు గుద్ది చూపించి, ఒక పిల్ల ఒంటరిగా ఉందని, ఒకడు రోజూ వేధిస్తున్నాడని చెప్పాను. మామా ఒక్క మాట కూడా అడ్డం రాకుండా విన్నది. తర్వాత వెనక తలుపు తీసుకుని ఎక్కి కూర్చుంది.

"ఎక్కడ?"

"రిగ్గై, మామా."

"యల్లా, పద."

"ఐస్‌క్రీము కరిగిపోద్ది మామా," అన్నాను ట్రాలీలో సరుకులు డిక్కీలోకి చేరేస్తూ.

"కరగనీ!" అని అరిచింది.

*

రిగ్గై చేరాం. మామా ముందు వాచ్‌మన్‌ని పట్టుకుని కడిగేసింది. వాణ్ణి వెంటబెట్టుకుని పై ఫ్లోరుకి ఎక్కి, ఆ మనిషి బెల్లు మీద వేలు పెట్టి తియ్యకుండా నొక్కింది. వాడు చిరాగ్గా తలుపు తీసి, ఎదురుగా నల్లటి అబాయాలో నిలబడ్డ కువైటీ ఆవిణ్ణి చూసి తెల్లబోయాడు.

"కింద ఉన్న పిల్ల మా మనిషి," అంది మామా. "మా తమ్ముడు పోలీసుల్లో ఉన్నాడు. ఇంకోసారి ఆ తలుపు వైపు చూశావంటే నీకు ఈ దేశంలో ఖలాస్. అర్థమైందా?"

వాడికి అర్థమైంది. తలుపు మూసుకున్నాడు.

నేను వెనకాల మెట్టు మీద ఆ పెద్ద బూట్లు రెండూ చంకలో పెట్టుకుని నిలబడ్డాను. ఇన్నేళ్ళూ ఏ మామా ఫోను మోగితే నా ప్రాణాలు పైకి పోయేవో, ఆ మామా కాళ్ళకి ఉన్నవి వట్టి రబ్బరు చెప్పులేనని అప్పుడే చూశాను. పరంజ్యోతి గారి ప్రతీక ఆ రోజు ఆ మెట్ల మీద ఎందుకూ కొరగాలేదు.

కిందికొచ్చి, "నేనేనండి," అన్నాక మెర్సీ గొలుసు తీసింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. మామా ఆవిణ్ణి కిందికీ పైకీ చూసింది. తర్వాత నన్ను చూసింది.

"హాదీ మరతక్?" అని అడిగింది. నీ పెళ్ళామా అని.

 కాదంటే, ఏమీ కాని పిల్ల కోసం నా కారులో నన్ను ఇంతదూరం తెచ్చావా అంటుంది. అవునంటే అబద్ధం, అదీ ఆ పిల్ల ఎదురుగానే. రెండు భయాల మధ్య నలిగి, నా నోట్లోంచి నిజం జారిపోయింది.

"ఇన్‌షా అల్లా, మామా."

దేవుడి చిత్తమైతే అని. అనేశాక గుర్తొచ్చింది, మెర్సీ రాత్రంతా ఆసుపత్రి డ్యూటీలో అరబ్బీలోనే మాట్లాడుతుందని.

మామా ముసుగు చాటున నవ్వుకుంది. మెర్సీ నవ్వలేదు. మొహం పాలిపోయింది. మామాకి అరబ్బీలో థాంక్సు చెప్పి, నా చేతిలో బూట్లు తీసుకుని గుమ్మంలో పెట్టి, తలుపు వేసుకుంది. లోపల గొలుసు పడిన చప్పుడు వినపడింది.

ఆ గొలుసు చప్పుడుతోనే మూడు రోజులు బతికాను. సాయం చేసినవాడు కూడా చివరికి గుమ్మంలో నిలబడి ఏదో ఒకటి అడిగేవాడేనని అనుకుందేమో. తలుపు కొట్టేవాళ్ళలో నేనూ ఒకణ్ణయిపోయానేమో. ఫోను చేద్దామని ఎన్నిసార్లు తీశానో, మోగితే భయపడుతుందేమోనని అన్నిసార్లు పెట్టేశాను. శనివారం ఆవిడ సంతకం పెట్టకపోతే దానికి కారణం పైన ఉన్నవాడా, కింద నిలబడ్డ నేనా అన్నది నన్ను తినేసింది.

*

శుక్రవారం సాయంత్రం బేస్‌మెంటు నిండిపోయింది. రుమైథియా నుంచి, ఇంకెక్కడెక్కడి నుంచో ఇళ్ళల్లో పనిచేసే అక్కలంతా వచ్చారు. నేను మేకప్ గదిలోకి వెళ్ళి చీర కోసం చూస్తుంటే పరంజ్యోతి గారు నా చేతికి ప్యాంటూ చొక్కా ఇచ్చారు.

"నువ్వు పెనిమిటివిరా ఈరోజు. సుశీల ఆ అమ్మాయే కడుతోంది."

"ఆడవాళ్ళు మన స్టేజి మీద..."

"ఆ పిల్ల ఫోన్ చేసి అంతా చెప్పింది నాయనా." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నేనేదో గొప్పగా ప్రతీక రాశాననుకున్నాను. వీళ్ళు నిజంగానే మగాడి బూట్లు కొనుక్కుని గుమ్మంలో పెట్టుకుని బతుకుతున్నారని నాకు తెలీదురా. బూట్ల మీద పడే సీను తీసేశాను. నువ్వు తలుపు కొట్టు, ఆవిడ తీస్తుంది, తెర పడుతుంది. అంతే."

"డైలాగు?"

"ఏమీ లేదు. తలుపు కొట్టడమే."

స్టేజి మీద మెర్సీ నావైపు ఒక్కసారి కూడా చూడలేదు. నాటకం మొదలైంది. జాన్ పాల్ తలుపు కొట్టినప్పుడు ఆవిడ అరవలేదు. ఉన్నచోటే ఆగిపోయింది. అంతే, ముందు వరసల్లో అట్టముక్కలతో విసురుకుంటున్న అక్కల చేతులన్నీ ఒకేసారి ఆగాయి. వాళ్ళెవ్వరికీ ఎవరూ నేర్పక్కర్లేదు. "ఏవండీ, ఎవరో వచ్చారు," అని ఆవిడ పిలిస్తే ఎవరో ముసలామె నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

చివరి సీను. నేను ప్లైవుడ్ తలుపు వెనక నిలబడ్డాను. అవతల మెర్సీ ఒంటరిగా ఉంది. నేను పిడికిలి ఎత్తాను.

చెయ్యి రాలేదు.

ఆ చప్పుడు లోపల మనిషిని ఏం చేస్తుందో నాకిప్పుడు తెలుసు. నాటకమే కదా అని సర్దిచెప్పుకున్నాను. మళ్ళీ ఎత్తాను. పిడికిలి గాల్లోనే నిలిచిపోయింది.

"కొట్టరా!" అన్నారు పరంజ్యోతి గారు తెర తాడు పట్టుకుని. "ఒరేయ్, కొట్టు!"

జనం గుసగుసలు మొదలుపెట్టారు. నా చొక్కా చెమటకి తడిసిపోయింది. పిడికిలి దించేసి, తలుపుకి దగ్గరగా మొహం పెట్టి, మెల్లగా అన్నాను.

"మెర్సీ గారూ... నేనండి. టిమోతిని. భయపడకండి."

పైన మైకు వేలాడుతోందని మర్చిపోయాను. హాలంతా ఘొల్లుమంది. "సుశీల అనాలి కదరా సన్నాసీ!" అని పరంజ్యోతి గారు తల పట్టుకున్నారు. సిగ్గుతో నేను పారిపోయేవాణ్ణే. కానీ తలుపు తెరుచుకుంది.

మెర్సీ ఎదురుగా నిలబడి ఉంది. కళ్ళలో నీళ్ళు. "తెలుసండి," అంది. అంతమంది ముందూ గొంతు వణికింది, దాచుకోలేదు. "ఆ రోజు మీ మామాతో చెప్పిన మాట నాతో ఎందుకు చెప్పలేదు?"

"భయమేసిందండి."

"నాకూ వేసింది. అందుకే తలుపేసుకున్నాను. మూడు రోజులు ఆలోచించాను." చెయ్యి జాపింది. "రేపు సంతకం పెడుతున్నాను. లోపలికి రండి."

హాల్లో అక్కలంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. జాన్ పాల్ ఈల వేస్తున్నాడు. నేను ఆ చెయ్యి పట్టుకుని గుమ్మం దాటాను. పరంజ్యోతి గారు కళ్ళు తుడుచుకుంటూ తెర లాగడం మర్చిపోయారు.